చావింట కిక్రి ఎందుకు మోగుతుంది?

అమీర్‌పేటలో కోచింగ్ కోసం గదులు తీసుకుని ఉంటున్న మన పిల్లలకు పంజాగుట్ట శ్మశానం వైపు సాగే డప్పుల చప్పుడు కొత్త కాదు. ముందు డప్పులు, వెనక పూలదండల బండి, ఒక్కోసారి తీన్‌మార్ బ్యాండు. ట్రాఫిక్ ఆగుతుంది, జనం విసుక్కుంటారు. "మనిషి పోయిన బాధలో ఈ మోత ఎందుకు మేడమ్?" అని హాస్టల్ అమ్మాయిలు అడుగుతుంటారు. మంచి ప్రశ్నే. జవాబు మన గూడేల చరిత్రలో ఉంది. ముందుగా ఆదిలాబాద్ గోండుల దగ్గరికి వెళ్దాం.

గోండుల వంశ కథలు చెప్పేవాళ్లు పరధాన్లు, తోటీలు. ఒక్కో పరధాన్ కుటుంబానికి కొన్ని గోండు కుటుంబాలు తరతరాలుగా దాతలు. పరధాన్ చేతిలో ఉండేది కిక్రి. కొన్నిచోట్ల కింగ్రి అంటారు. గుర్రపు వెంట్రుకల తీగలు మూడు, వాయించేది కమానుతో. దానికి తోడు పెప్రే, కాళికోం, డోలు. 1940లలో గోండుల మధ్య ఉండి పరిశోధన చేసిన హైమన్‌డార్ఫ్ 1948లో తన పుస్తకం అచ్చు వేశారు. ఇంట్లో మరాఠీ మాట్లాడే పరధాన్లు గోండుల కథను గోండీలోనే పాడతారని ఆయన గమనించారు. తమది కాని భాషలో దాతల చరిత్రంతా నోటికి పట్టి ఉంచడం చిన్న సంగతా?

పెళ్లికి వచ్చినట్టే చావు కర్మకూ పరధాన్ వస్తాడు. పోయిన మనిషి బట్టల్లాంటివి అతనికి ఇవ్వడం ఆనవాయితీ. అది దానం కాదు, హక్కు. గోండుల నమ్మకంలో చనిపోయినవారు వంశ దైవం పెర్సాపేన్‌నూ, ముందు పోయిన పెద్దలనూ చేరుకోవాలి. ఆ వంశం ఎక్కడ పుట్టింది, ఏ సగకు చెందింది అన్నది పాటలో పలికేది పరధానే. తండ్రి పోయిన కొడుకు ఆ పాట వింటూ కూర్చుంటే, నిన్నటిదాకా తన ఇంటి మనిషి ఇవాళ ఎవరి పక్కన చేరుతున్నాడో తెలుస్తుంది. ఏడుపు ఆగదు. కానీ ఆ ఏడుపుకు ఒక తోవ దొరుకుతుంది.

ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్ నాగోబా జాతర మీలో చాలామందికి తెలుసు. పుష్య అమావాస్య మహాపూజకు ముందు మెస్రం వంశీయులు అక్కడి మర్రిచెట్టు దగ్గర తూం పూజలు చేస్తారు. చనిపోయిన తమ వంశం వాళ్లకు చేసే కర్మ అది. అదే జాతరలో కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే భేటింగ్ కూడా ఉంటుంది. పోయినవాళ్లను సాగనంపే చోటే వచ్చినవాళ్లను కలుపుకుంటారు. టీవీలో ఎప్పుడూ దర్బారే చూపిస్తారు. నన్నడిగితే అసలు చూడాల్సింది ఈ రెండూ.

కోయల్లో ఈ పని డోలీలది. పడిగె మీద బొమ్మలు చూపిస్తూ, డోలు వాయిస్తూ గోత్రాల కథ చెబుతారు. 2022లో పద్మశ్రీ అందుకుని 2024లో కన్నుమూసిన సకిని రామచంద్రయ్య గారు అలాంటి కళాకారుడే. కోయల చావులో ఎద్దునో ఆవునో కోసి దాని తోకను మృతుడి చేతిలో పెట్టే ఆచారం గురించి 1909లోనే థర్‌స్టన్ గ్రంథంలో ఉంది. లంబాడీ తండాల్లో ఆడవాళ్ల గొంతే వాద్యం. ఒకరినొకరు పట్టుకుని, పోయినవాళ్ల మంచిని వరసపెట్టి రాగం తీస్తూ ఏడుస్తారు.

డప్పు విషయంలో ఇంకో నిజం కూడా చెప్పాలి. మైదాన గ్రామాల్లో చావు డప్పు చాలాకాలం దళితుల మీద రుద్దిన వెట్టి. మనకు ఓదార్పుగా వినిపించే దరువు వెనక కొట్టేవాడి అవమానం కూడా ఉంది. అందుకే వాయించేవారికి మర్యాద, తగిన డబ్బు ఇవ్వకుండా సంప్రదాయం గురించి మాట్లాడటం నాకు ఇష్టం ఉండదు.

ఇక సిటీ సంగతి. అద్దె ఇంటి ముందు శవాన్ని దింపనివ్వని ఓనర్లు ఉన్నారు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట వాద్యాలు మోగించకూడదు. రోగులు, చదువుకునే పిల్లలు ఉన్నచోట ఆ నియమం అవసరమే. కానీ మనవాళ్లకు మిగిలేది అంబులెన్సు, ఊరి దారి. హైమన్‌డార్ఫ్ భార్య బెట్టీ ఎలిజబెత్ 1987లో హైదరాబాద్‌లో చనిపోతే ఆమెనూ మార్లవాయికే తీసుకెళ్లి సమాధి చేశారు. ఆ దూరం ఇప్పుడు మీకూ ఉంది. పరీక్ష ఉందని కర్మకు వెళ్లలేక, వీడియో కాల్‌లో చూసి, మర్నాడు ఏమీ జరగనట్టు క్లాసుకు వెళ్లిన పిల్లల్ని చూశాను. నెలల తర్వాత ఏదో చిన్నదానికి వెక్కి వెక్కి ఏడుస్తారు. ఊళ్లోనేమో పరధాన్ దొరకక డీజే బాక్సు పెడుతున్నారు. ఆ బాక్సుకు మీ తాత పేరు తెలియదు, మీ సగ తెలియదు.

మాసబ్ ట్యాంక్‌లోని నెహ్రూ సెంటినరీ ట్రైబల్ మ్యూజియం పంజాగుట్టకు దగ్గరే. ఒక రోజు వెళ్లి మన వాద్యాలు చూడండి. సంక్రాంతి సెలవులకు ఊరెళ్లినప్పుడు మాత్రం ఇంట్లో అడగండి: మన ఇంటికి వచ్చే పరధాన్ ఎవరు? మొన్నటి కర్మలో ఆయనకు ఏమిచ్చాం? ఆయన కొడుకు కిక్రి పట్టాడా, లేక అతనూ అమీర్‌పేటలోనే కోచింగ్‌లో ఉన్నాడా?