బుద్ధిమంతుడంటే ఎవరు?

ప్రోగ్రెస్ కార్డులో మార్కుల కింద "ప్రవర్తన: బాగుంది" అని కనబడగానే మనకెంత నిశ్చింతో కదూ? ఆ మాటకూ ఒక చరిత్ర ఉంది.

1928లో అమెరికాలో ఇ. కె. విక్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పిల్లల ప్రవర్తనలోని 50 లోపాలను వరుసగా రాసి, ఏది ఎంత తీవ్రమైనదో చెప్పమని ఉపాధ్యాయులను అడిగాడు. దొంగతనం, అబద్ధాలు, బడి ఎగ్గొట్టడం పెద్ద తప్పులన్నారు వారు. సిగ్గు, బెరుకు వారికి చిన్న విషయాలు. పిల్లల మానసిక నిపుణులేమో చాలావరకు తలకిందులుగా చెప్పారు! ఎవరితోనూ కలవకపోవడం, అనుమానం, దిగులు, ఇవే ప్రమాదమన్నారు.

అలాగని టీచర్లను తప్పుపట్టకండి. వారిని అడిగింది తరగతిలో నేటి ఇబ్బంది గురించి. నిపుణులను అడిగింది బిడ్డ రేపటి గురించి. రెండు ప్రశ్నలూ ఒకటి కావని తర్వాతి పరిశోధకులు ఎత్తిచూపారు.

మా చిన్నవాడి కార్డులోనూ ఏటా "బుద్ధిమంతుడు" అనే ఉండేది. మధ్యాహ్నం ఒక్కడే కూర్చుని అన్నం తింటున్నాడని నాకు తెలిసేసరికి రెండేళ్లు గడిచాయి.

అల్లరివాడి గురించి ఇంటికి చీటీ వస్తుంది. మూల కూర్చున్నవాడి గురించి రాదు. ఈసారి బడికి వెళ్లినప్పుడు మార్కులతోపాటు, "మావాడు ఎవరితో ఆడుకుంటాడండీ?" అని కూడా అడగండి.