విమానం మారితే పాయింట్లు రాబట్టుకోవడం ఎలా?

మన సంఘ సభ్యుల్లో చాలామందికి పిల్లలు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నారు. మనం బెంగళూరు నుంచో హైదరాబాదు నుంచో విమానం ఎక్కుతాం. రాను పోను ఒక ప్రయాణానికి వచ్చే పాయింట్లు కూడబెడితే, కొన్నాళ్లకు దేశంలో ఒక టికెట్టుకు సరిపోవచ్చు. కానీ కొన్న విమానం రద్దయి వేరే సంస్థ విమానంలో పంపినప్పుడు ఆ పాయింట్లు చాలాసార్లు ఖాతాలో పడవు. అడిగినవాళ్లకే వస్తాయి. సభ్యులు తరచు అడుగుతున్నందున వివరాలు ఒకచోట రాస్తున్నాను.

ఎందుకు పడవు?

విమాన సంస్థలు మూడు పెద్ద కూటములుగా ఉన్నాయి. ఎయిర్ ఇండియా 2014 జులై నుంచి స్టార్ అలయన్స్‌లో ఉంది. లుఫ్తాన్సా, సింగపూర్, యునైటెడ్ కూడా అందులోనివే. ఖతార్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ వన్‌వరల్డ్‌లో, ఎయిర్ ఫ్రాన్స్, డెల్టా స్కైటీమ్‌లో ఉన్నాయి. ఎమిరేట్స్ ఏ కూటమిలోనూ లేదు. మీ సభ్యత్వం ఒక కూటమిలో ఉండి, ఎక్కించిన విమానం ఇంకో కూటమిదైతే పాయింట్లు మామూలుగా లెక్కలోకి రావు.

ఎయిర్ ఇండియా 2025 సెప్టెంబరు 1 నుంచి ఢిల్లీ–వాషింగ్టన్ విమానాన్ని ఆపేసింది. ముందే టికెట్టు కొన్నవారు డబ్బు వాపసు తీసుకోవచ్చు, లేదా న్యూయార్క్, షికాగో వంటి చోట్ల దిగి యునైటెడ్, డెల్టా, అలాస్కా విమానాల్లో వాషింగ్టన్ చేరవచ్చు అని చెప్పింది. ఈ మూడింటిలో యునైటెడ్ ఒక్కటే ఎయిర్ ఇండియా కూటమిది. అంటే చివరి మజిలీకి ఏ విమానం దొరికిందన్న దాన్నిబట్టి పక్కపక్క ప్రయాణికుల లెక్కే మారిపోతుంది.

ఇంకో కారణం టికెట్టు తరగతి. టికెట్టు మీద వై, ఎం, కె వంటి ఒక అక్షరం ఉంటుంది. టికెట్టు మార్చి రాసేటప్పుడు ఆ అక్షరం కూడా మారవచ్చు. కొన్ని అక్షరాలకు పాయింట్లు తక్కువ, కొన్నిటికి అసలే ఉండవు.

రెండు దారులు

ఒకటి: నిజంగా ఎక్కిన విమానానికి పాయింట్లు అడగడం. ఆ సంస్థ మీ కూటమిదైతే ఇది సులువు.

రెండు: మొదట కొన్న దారి ప్రకారమే పాయింట్లు ఇమ్మని అడగడం. మీ సభ్యత్వమున్న సంస్థే మిమ్మల్ని వేరే విమానానికి మార్చి ఉంటే ఈ అర్జీకి బలం ఎక్కువ. చట్టప్రకారం ఇచ్చి తీరాలని లేదు కాని, మార్పు తమవల్ల జరిగింది కాబట్టి చాలా సంస్థలు ఒప్పుకుంటాయి. మీరే కోరి మార్చుకుంటే ఇది వర్తించదు.

ఒకే ప్రయాణానికి రెండు చోట్లా అడగకూడదు. ఏది ఎక్కువో ముందే లెక్క చూసుకోండి.

కౌంటరు దగ్గర

2025 జూన్ 23 రాత్రి ఖతార్ తన గగనతలం మూసినప్పుడు విమానాలెన్నో దారి మళ్లాయి. అలాంటి రద్దీలో ఉద్యోగులకు మన పాయింట్ల సంగతి గుర్తుండదు. మనమే మూడు పనులు చేయాలి: కొత్త టికెట్టు నంబరు అడిగి రాసుకోవాలి, సభ్యత్వ నంబరు మళ్లీ ఎక్కించమనాలి, విమానం రద్దయినట్టు వచ్చిన సందేశాన్ని ఫోనులో దాచుకోవాలి. పిల్లలు కొన్న టికెట్టయితే ఆ సందేశం వాళ్లకే వెళ్తుంది. పంపమని చెప్పండి.

దాచవలసిన కాగితాలు

- మొదటి టికెట్టు, మార్చిన టికెట్టు. 13 అంకెల టికెట్టు నంబరులో మొదటి మూడూ సంస్థ గుర్తు: 098 ఎయిర్ ఇండియా, 176 ఎమిరేట్స్, 157 ఖతార్.
- ప్రతి మజిలీ బోర్డింగ్ పాస్. ఇల్లు చేరగానే పారేయకండి, పాయింట్లు పడేదాకా ఉంచండి.
- రద్దు సందేశం.

అర్జీలో ఏమి రాయాలి?

సభ్యత్వమున్న సంస్థకు ఆంగ్లంలో, క్లుప్తంగా. పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు, సభ్యత్వ నంబరు, కొన్న విమానం నంబరు, తేదీ, తరగతి; ఎక్కిన విమానం వివరాలు; మార్పు మీ కోరికపై జరగలేదన్న ఒక వాక్యం; చివర మొదటి దారి ప్రకారం పాయింట్లు జమ చేయమన్న మనవి. గడువు సంస్థను బట్టి మారుతుంది. చాలాచోట్ల కొద్ది నెలలే. తిరిగి వచ్చిన నెలలోపే పంపడం మేలు.

పేరు దగ్గర జాగ్రత్త

ఇది మా ఇంటి అనుభవం. అమెరికాలో అమ్మాయి దగ్గరి నుంచి వస్తుండగా మధ్యలో విమానం రద్దయి మమ్మల్ని ఇంకో సంస్థ విమానంలో పంపారు. పాయింట్లు పడలేదు. మొదటి అర్జీకి ‘ఎక్కని విమానానికి ఇవ్వలేము’ అన్నారు. కాగితాలన్నీ జతచేసి రెండోసారి రాస్తే నావి వచ్చాయి. మా ఆవిడవి రాలేదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, సభ్యత్వంలో అల్లుడు పొడి అక్షరంతో రాశాడు. అది సరిచేయించేసరికి గడువు దాటింది.

మనకు ఈ తిప్పలు ఎక్కువ. ఇంటిపేరు తెలుగులో ఒకలా, బడి రికార్డుల్లో కన్నడం నుంచి ఆంగ్లంలోకి మారి ఇంకోలా ఉంటుంది. 2014 నవంబరు 1న ఊరి పేరు ఆంగ్ల స్పెల్లింగు కూడా మారింది కాబట్టి పాత, కొత్త కాగితాల్లో చిరునామాలు కలవవు. చిరునామా తేడా సర్దుకోవచ్చు, పేరు తేడా మాత్రం ప్రయాణానికి ముందే సరిచేయించండి.

కాదంటే

సంస్థ నోడల్ అధికారికి, తర్వాత అప్పీలు అధికారికి రాయండి. విమానం రద్దు, వాపసు ఫిర్యాదులకు కేంద్రం నడిపే ఎయిర్‌సేవా ఉంది. జాతీయ వినియోగదారుల సహాయవాణి నంబరు 1915. చివరి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్: 2019 చట్టం ప్రకారం మనం ఉన్న జిల్లాలోనే, రెండేళ్లలోపు ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షలు దాటకపోతే రుసుము లేదు. రద్దుకు రావలసిన వాపసు, పరిహారం వేరు, పాయింట్లు వేరు. రెంటికీ విడివిడిగా రాయండి.

అర్జీ రాయడం కష్టమనిపిస్తే కాగితాలు తీసుకుని సంఘం ఆఫీసుకు రండి. కూర్చుని రాద్దాం.

— కార్యదర్శి