పెద్ద టెక్ కంపెనీలు ఇంకా ఎంత పెరగగలవు? షేరు కొన్నవాళ్లు చూడాల్సిన లెక్కలు

యాపిల్ కంపెనీ 2025 సెప్టెంబరుతో ముగిసిన ఏడాదిలో సుమారు 41,600 కోట్ల డాలర్ల అమ్మకాలు చేసింది. తెలంగాణ రాష్ట్రం మొత్తం ఒక ఏడాదిలో ఉత్పత్తి చేసే సరుకులు, సేవల విలువ 2024-25లో సుమారు 16 లక్షల కోట్ల రూపాయలు. దాన్ని డాలర్లలోకి మార్చి చూస్తే యాపిల్ అమ్మకాల్లో సగం కూడా ఉండదు. ఇంత పెద్ద కంపెనీ వచ్చే ఏడాది 15 శాతం పెరగాలంటే 6,200 కోట్ల డాలర్లకు పైగా కొత్త అమ్మకాలు ఎక్కడి నుంచో తేవాలి. పదేళ్లు ఆపకుండా అదే వేగంతో పెరగాలంటే ఇప్పటి అమ్మకాలు నాలుగు రెట్లు కావాలి. చిన్న దుకాణం ఏడాదికి 15 శాతం పెరగడం మామూలు సంగతే. కొండంత కంపెనీకి అదే 15 శాతం చాలా కష్టం.

ఈ లెక్క అమెరికా వాళ్లది మాత్రమే కాదు. హైదరాబాద్‌లో మైక్రోసాఫ్ట్, గూగుల్, అమెజాన్‌లలో పనిచేసే చాలామందికి జీతంలో కొంత భాగం షేర్ల రూపంలో వస్తుంది. అమెరికాలో స్థిరపడిన వాళ్ల రిటైర్మెంట్ పొదుపు తరచూ ఎస్ అండ్ పీ 500 సూచీ ఫండ్లలో ఉంటుంది. ఆ సూచీలో 500 కంపెనీలు ఉన్నా, విలువలో దాదాపు మూడో వంతు ఏడు కంపెనీలదే: యాపిల్, మైక్రోసాఫ్ట్, గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్, అమెజాన్, ఫేస్‌బుక్-వాట్సాప్‌లను నడిపే మెటా, చిప్‌లు చేసే ఎన్విడియా, టెస్లా. 500 కంపెనీల్లో పెట్టాం, నిశ్చింతగా ఉండొచ్చు అనుకునేవాళ్ల డబ్బు నిజానికి ఈ ఏడింటి మీదే చాలా వరకు ఆధారపడి ఉంది.

కంపెనీ పెరిగింది, షేరు పెరగలేదు

ఈ విషయంలో అందరూ గుర్తుంచుకోవాల్సిన ఉదాహరణ మైక్రోసాఫ్ట్. 1999 డిసెంబరులో దాని విలువ 60,000 కోట్ల డాలర్లు దాటింది. షేరు ధర, తర్వాతి విభజనలను లెక్కలోకి తీసుకుంటే, 60 డాలర్లకు దగ్గరగా వచ్చింది. ఆ తర్వాత కంపెనీ కుప్పకూలిందా అంటే, లేదు. 2000 జూన్‌తో ముగిసిన ఏడాదిలో 2,300 కోట్ల డాలర్లు ఉన్న ఆదాయం 2013 నాటికి దాదాపు 7,800 కోట్లకు చేరింది. లాభం 940 కోట్ల నుంచి సుమారు 2,190 కోట్ల డాలర్లయింది. ఆదాయం మూడు రెట్లు దాటింది, లాభం రెట్టింపు కంటే ఎక్కువైంది. షేరు మాత్రం 2013 మధ్యలో 35 డాలర్ల దగ్గర ఆడుతోంది. 1999 నాటి ధరను మళ్లీ దాటడానికి 2016 అక్టోబరు దాకా పట్టింది. అంటే దాదాపు 17 ఏళ్లు. మధ్యలో డివిడెండ్లు వచ్చాయి, 2004లో ఒక్కో షేరుకు 3 డాలర్ల ప్రత్యేక డివిడెండ్ కూడా ఇచ్చారు. అయినా అది పూరించేంత చిన్న గుంట కాదు.

ఇలా ఎందుకైంది? షేరు ధరలో రెండు ముక్కలుంటాయి. ఒకటి కంపెనీ లాభం. రెండోది, ఆ లాభానికి ఎన్ని రెట్లు ఇవ్వడానికి జనం సిద్ధంగా ఉన్నారన్నది. 1999 చివర్లో మైక్రోసాఫ్ట్‌కు లాభానికి 60 రెట్లకు పైగా ఇచ్చి కొన్నారు. 2013 మధ్యకు వచ్చేసరికి 13 రెట్ల దగ్గరే కొన్నారు. లాభం పెరిగిన దానికంటే ఆశ తగ్గిన వేగం ఎక్కువ. 60 రెట్లు ఇచ్చినవాళ్లు అప్పటికే పదేళ్ల పెరుగుదలకు ముందుగానే డబ్బు కట్టేశారన్నమాట.

సిస్కో కథ ఇంకా చేదు. ఇంటర్నెట్ నడవాలంటే కావలసిన పరికరాలు అమ్మే ఈ కంపెనీ 2000 మార్చిలో ప్రపంచంలోనే అత్యంత విలువైనదిగా నిలిచింది. షేరు 80 డాలర్లు. 2002 అక్టోబరుకు 10 డాలర్ల లోపు పడిపోయింది. ఇంటర్నెట్ మీద పెట్టుకున్న ఆశ తప్పు కాలేదు, సిస్కో ఆదాయం ఆ తర్వాత రెండింతలకు మించి పెరిగింది కూడా. ఆ 80 డాలర్ల ధరను మళ్లీ దాటింది మాత్రం 2025 డిసెంబరులోనే.

ఇక ఇంటెల్ దారి వేరు. ఒకప్పుడు ప్రతి కంప్యూటర్ లోపలా ఉన్న చిప్ ఇదే. 2024లో దాదాపు 1,900 కోట్ల డాలర్ల నష్టం చూపి, డివిడెండ్ ఆపేసింది. అదే ఏడాది నవంబరులో డౌ జోన్స్ సూచీలో దాని స్థానాన్ని ఎన్విడియా తీసుకుంది.

అయితే పెద్ద కంపెనీ మళ్లీ లేవదని కాదు. 2014 ఫిబ్రవరిలో హైదరాబాద్‌కు చెందిన సత్య నాదెళ్ల పగ్గాలు పట్టాక మైక్రోసాఫ్ట్ విండోస్‌ను పక్కకు జరిపి క్లౌడ్ మీద దృష్టి పెట్టింది. దాని క్లౌడ్ వ్యాపారం అజూర్ 2025 జూన్‌తో ముగిసిన ఏడాదిలో 7,500 కోట్ల డాలర్లు దాటింది, అదీ 34 శాతం పెరిగి. 1999లో కొని ఓపిక పట్టినవాళ్లు చివరికి లాభపడ్డారు. 17 ఏళ్లు ఓపిక పట్టడం ఎంతమందికి సాధ్యమన్నదే ప్రశ్న. పిల్లల చదువు, పెళ్లి ఖర్చులు షేరు కోలుకునేదాకా ఆగవు కదా.

ఇప్పటి పెరుగుదల ఎక్కడిది?

నేటి కంపెనీలు 2000 నాటి చాలా కంపెనీల్లా గాలిమేడలు కావు. ఆల్ఫాబెట్ ఒక్కటే 2024లో 10,000 కోట్ల డాలర్ల లాభం చూపింది. కానీ లాభం ఏ దారిన వస్తోందో చూడాలి. యాపిల్ ఆదాయం 2022లో 39,400 కోట్ల డాలర్లు, 2024లో 39,100 కోట్లు. రెండేళ్లు నిలబడిపోయింది. ఆ కాలంలో షేరుకు దన్నుగా నిలిచినవాటిలో బైబ్యాక్ ఒకటి. 2024 మేలో 11,000 కోట్ల డాలర్ల సొంత షేర్లు తిరిగి కొనడానికి ఆ కంపెనీ బోర్డు అనుమతిచ్చింది. షేర్ల సంఖ్య తగ్గితే, అదే లాభాన్ని తక్కువ మంది పంచుకుంటారు. ఒక్కో షేరుకు లాభం పెరిగినట్టు కనిపిస్తుంది. ఇందులో మోసం లేదు, కానీ ఇది కొత్త వ్యాపారమూ కాదు.

ఐఫోన్‌లో వెతుకులాటకు గూగుల్‌నే ఉంచినందుకు 2022లో గూగుల్ యాపిల్‌కు 2,000 కోట్ల డాలర్లు చెల్లించిందని కోర్టు విచారణలో బయటపడింది. 2024 ఆగస్టులో జడ్జి అమిత్ మెహతా గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలుపుకుందని తేల్చారు. 2025 సెప్టెంబరు తీర్పులో క్రోమ్‌ను అమ్మేయమనలేదు, డబ్బు చెల్లించడాన్నీ ఆపలేదు, పోటీదారును మూసిపెట్టే ఒప్పందాలను మాత్రం నిషేధించారు. రెండు కంపెనీలూ ఊపిరి పీల్చుకున్నాయి. అయినా ఒక జడ్జి కలంతో ఇంత ఆదాయం ఊగిసలాడటం మదుపరులు మరిచిపోకూడని సంగతి.

ఏఐ ఖర్చు

అసలు పందెం ఇక్కడుంది. ఎన్విడియా ఆదాయం రెండేళ్లలో 2,700 కోట్ల డాలర్ల నుంచి 13,050 కోట్లకు ఎగబాకింది. 2025 అక్టోబరులో కంపెనీ విలువ 5 లక్షల కోట్ల డాలర్లు తాకింది. ఈ చిప్‌లు కొనేది ఎవరు? ఎక్కువ భాగం మైక్రోసాఫ్ట్, అమెజాన్, ఆల్ఫాబెట్, మెటాలే. ఎన్విడియాకు ఆదాయం అయినది వీటికి ఖర్చు. మెటా పెట్టుబడి ఖర్చు 2024లో 3,900 కోట్ల డాలర్లు. 2025కు 7,000 కోట్లు దాటుతుందని కంపెనీయే చెప్పింది. ఆల్ఫాబెట్ 2025 మొదట్లో 7,500 కోట్లు అని చెప్పి, ఏడాది చివరికి ఆ అంచనాను 9,100 కోట్ల పైకి తీసుకెళ్లింది. విశాఖపట్నంలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం కడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. అది ఈ ప్రవాహంలోని ఒక పాయ.

ఈ ఖర్చు వెంటనే లాభంలోంచి తీసేయరు. సర్వర్ ఎన్నేళ్లు పనిచేస్తుందనుకుంటే అన్నేళ్లకు తరుగుదలగా పంచుతారు. 2025 జనవరి నుంచి మెటా ఈ ఆయుష్షును అయిదున్నరేళ్లకు పెంచింది. అమెజాన్ కొన్ని సర్వర్లకు ఆరేళ్ల నుంచి అయిదేళ్లకు తగ్గించింది. ఒకే రకం యంత్రాలకు ఒకరు పెంచడం, ఒకరు తగ్గించడం చూస్తే ఇవి ఎన్నాళ్లు అక్కరకొస్తాయన్నది ఇంకా తేలలేదని అర్థమవుతుంది. ఆయుష్షు తక్కువని తేలితే నేటి లాభాలు రాసినంత లావుగా లేవన్నమాట.

ఆశ ఎంత పలచనో చూపిన రోజు 2025 జనవరి 27. తక్కువ ఖర్చుతో చేశామంటూ చైనా కంపెనీ డీప్‌సీక్ తెచ్చిన ఏఐ వార్తలతో ఎన్విడియా షేరు ఒక్క రోజులో 17 శాతం పడింది. దాదాపు 59,000 కోట్ల డాలర్ల విలువ ఆవిరైంది. కొన్ని నెలల్లో కోలుకుంది నిజమే. భయపడి ఆ రోజు అమ్మినవాళ్లకు ఆ కోలుకోవడం అందలేదు.

శరియా ఫండ్లలో పెట్టినవాళ్లకు

వడ్డీకి దూరంగా ఉండాలని శరియా ఫండ్లను ఎంచుకునే కుటుంబాలకు ఈ విషయం ఇంకాస్త దగ్గరిది. ఆ సూచీల్లో మామూలు బ్యాంకులు, బీమా, మద్యం కంపెనీలు ఉండవు. అప్పు ఎక్కువున్న కంపెనీలనూ తీసేస్తారు. ఆ ఖాళీని నింపేది అప్పు తక్కువ, నగదు ఎక్కువ ఉన్న టెక్ కంపెనీలే. అందుకే అమెరికా శరియా ఫండ్లలో టెక్ వాటా మామూలు సూచీ కంటే ఎక్కువ. ఇండియాలో కూడా టాటా ఎథికల్ లాంటి ఫండ్లలో ఐటీ కంపెనీలకు పెద్ద పీట ఉండేది ఇందుకే.

ఇప్పుడు కొత్త చిక్కు ఒకటి వచ్చింది. డేటా సెంటర్ల కోసం ఈ కంపెనీలు పెద్ద అప్పులు మొదలుపెట్టాయి. 2025 సెప్టెంబరులో ఒరాకిల్ 1,800 కోట్ల డాలర్ల బాండ్లు, తర్వాతి నెలలో మెటా 3,000 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మాయి. చాలా శరియా సూచీలు అప్పును కంపెనీ మార్కెట్ విలువతో పోల్చి, మూడో వంతు దాటితే పక్కన పెడతాయి. అప్పు పెరిగినా ఈ నిష్పత్తి పెరుగుతుంది, షేరు ధర పడినా పెరుగుతుంది. రెండు మూడేళ్ల సగటు విలువను తీసుకునే సూచీల్లో ఒక్క రోజు పతనంతో మార్పు రాదు. కానీ పతనం ఏడాది, రెండేళ్లు సాగితే, అప్పు ఎక్కువున్న కంపెనీని ధర బాగా తగ్గిన సమయంలోనే ఫండ్ అమ్ముకోవాల్సి రావొచ్చు. మెటా లాంటివి ఇప్పటికి ఆ గీతకు చాలా దూరంలోనే ఉన్నాయి.

ఉద్యోగం ఇచ్చిన కంపెనీ షేర్లు జీతంలో వస్తున్నవాళ్లు ఇంకో లెక్క కూడా వేసుకోవాలి. ఆ కంపెనీ దెబ్బతింటే ఉద్యోగం, పొదుపు ఒకేసారి ప్రమాదంలో పడతాయి. పైగా అదే కంపెనీ సూచీ ఫండ్‌లోనూ ఉంటుంది. ఇల్లు, జీతం, ఫండ్ మూడూ ఒకే పేరు మీద ఆధారపడుతున్నాయేమో ఒక కాగితం మీద రాసి చూసుకోవడం మంచిది.

ఈ కంపెనీల మూడు నెలల ఫలితాలు చాలా వరకు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు చివర్లలో వస్తాయి. వార్తల్లో లాభం అంకె పెద్దగా కనిపిస్తుంది. దాని కింద చూడాల్సినవి మూడు: క్లౌడ్ ఆదాయం ఎంత శాతం పెరిగింది, పెట్టుబడి ఖర్చు ఎంత శాతం పెరిగింది, ఖర్చులన్నీ పోగా చేతిలో మిగిలిన నగదు పెరిగిందా తగ్గిందా. ఎన్విడియా ఫలితాలు మాత్రం వీటి తర్వాత కొన్ని వారాలకు, ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరుల్లో వస్తాయి.