లెక్కల అయ్యవారు, స్పీకరు కుర్చీ, ఊరవతల వాడ

చిత్తూరు జిల్లా రాజకీయ చరిత్రను మనకు చెప్పేవాళ్ళు సాధారణంగా పెద్ద పేర్ల వరసతో మొదలుపెడతారు. ఆ వరసలో మాడభూషి అనంతశయనం అయ్యంగార్ పేరు తప్పకుండా ఉంటుంది. బడి అయ్యవారుగా మొదలై లోక్‌సభ స్పీకరు దాకా వెళ్ళిన మనిషి. ఈ వ్యాసం ఆయన్ని పొగడటానికి రాసింది కాదు, తిట్టటానికీ కాదు. ఆయన జీవితాన్ని మాలపల్లె, మాదిగపల్లె వైపు నుంచి చదివితే ఏం కనిపిస్తుందో చూడాలన్నదే ఇక్కడి ప్రయత్నం. ఎందుకంటే చదువు ఒక మనిషిని ఎంత దూరం తీసుకుపోతుందో, ఆ దూరం ఎవరికి ఎంత సులభమో ఆయన కథలో స్పష్టంగా తెలుస్తుంది.

అయ్యంగార్ 1891 ఫిబ్రవరి 4న తిరుచానూరులో పుట్టాడు. అప్పటికి చిత్తూరు జిల్లాయే లేదు. తిరుపతి ప్రాంతం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడింది. ఆ మరుసటి ఏడాదే, అంటే 1912లో, ఆయన లెక్కల అయ్యవారుగా ఉద్యోగంలో చేరాడు. మద్రాసులో లా చదివి 1915లో వకీలు వృత్తిలోకి మారాడు. బళ్ళో ఉన్నది మూడేళ్ళే. కోర్టుతో సంబంధం మాత్రం 1950 దాకా సాగింది. సహాయ నిరాకరణ ఉద్యమంలో కొంతకాలం వృత్తి మానేశాడు. 1934లో కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యాడు. 1940లో, మళ్ళీ 1942లో జైలుకెళ్ళాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. బడి నుంచి కోర్టుకు, కోర్టు నుంచి కాంగ్రెస్‌కు, కాంగ్రెస్ నుంచి చట్టసభకు పోయే దారి ఆ తరంలో చాలామంది బ్రాహ్మణ యువకులు నడిచిన దారే. అదే కాలంలో అదే జిల్లాలో మాల, మాదిగ పిల్లలకు దొరికిన బడి ఏది? మదనపల్లె, పుంగనూరు వైపు ఆర్కాటు మిషన్ వాళ్ళ బడులు. 1920ల నుంచి మద్రాసు ప్రభుత్వ లేబర్ శాఖ నడిపిన ప్రత్యేక బడులు. ఊరి బడిలో చేర్చుకోరు కాబట్టే ప్రత్యేక బడులు పెట్టాల్సి వచ్చింది. ఒకరికి బడి పై మెట్టుకు నిచ్చెన. ఇంకొకరికి బడి గడప దాటటమే ఒక పోరాటం. అయ్యంగార్ తెలివితేటల్ని ఎవరూ కాదనరు. కానీ ఆ తెలివికి బడి తలుపు ముందే తెరిచి ఉందన్న సంగతిని జీవిత చరిత్రలు రాసేవాళ్ళు వదిలేస్తారు.

అంటరానితనం గురించి ఆయన మౌనంగా లేడు. గాంధీ అనుచరుడిగా హరిజన సేవక్ సంఘంతో పనిచేశాడు, దేవాలయ ప్రవేశాన్ని సమర్థించాడు. తిరుచానూరు వైష్ణవ కుటుంబంలో పుట్టిన మనిషి ఆ మాట అనటం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. 1947లో మద్రాసు దేవాలయ ప్రవేశ చట్టం వచ్చింది. అయితే హరిజన సేవక్ సంఘం స్వభావమేమిటో మనం మర్చిపోకూడదు. 1932లో పూనా ఒప్పందం తర్వాత పుట్టిన ఆ సంస్థ పగ్గాలు సవర్ణుల చేతుల్లోనే ఉన్నాయి. ఇది పాపం చేసినవాళ్ళు చేసుకునే ప్రాయశ్చిత్తం కాబట్టి నడపాల్సింది వాళ్ళేనన్నది గాంధీ వాదం. మొదట్లో చేరిన అంబేద్కర్ కొద్దికాలానికే బయటికొచ్చాడు. సేవ చేసేది ఒకరు, చేయించుకునేది ఇంకొకరు. నిర్ణయాధికారం ఎప్పుడూ మొదటివాళ్ళదే. అయ్యంగార్ సంస్కరణ కూడా ఈ చట్రంలోనిదే.

ఈ చట్రం రాజ్యాంగ సభలో ఇంకా బాగా కనిపిస్తుంది. 1948 నవంబరు 4న ముసాయిదా రాజ్యాంగాన్ని ప్రవేశపెడుతూ అంబేద్కర్ గ్రామాన్ని సంకుచితత్వానికీ, అజ్ఞానానికీ, కులతత్వానికీ నిలయమన్నాడు. సభలో చాలామందికి ఆ మాట గుచ్చుకుంది. రోజుల తరబడి గ్రామాన్ని వెనకేసుకొచ్చే ఉపన్యాసాలు సాగాయి. అయ్యంగార్ కూడా మాట్లాడాడు. అయితే ఆయన లెక్కల మనిషి, ఉద్వేగంతో కొట్టుకుపోలేదు. పంచాయతీల మీద రాజ్యాంగాన్ని కట్టాలంటే ఆ పంచాయతీలు ఇప్పుడెక్కడున్నాయి, ముందు వాటిని పుట్టించాలి కదా అన్నాడు. కాబట్టి ఆదేశిక సూత్రాల్లో ఒక నిబంధన చేర్చి, రాబోయే ప్రభుత్వాలు పంచాయతీలకు రాజకీయ స్వయంపాలన, ఆర్థిక స్వాతంత్ర్యం ఇచ్చేలా చూడాలన్నాడు. నవంబరు 22న సంతానం తెచ్చిన సవరణను సభ ఆమోదించింది. అదే నేటి 40వ అధికరణం.

ఆ అధికరణాన్ని ఇవాళ మళ్ళీ చదవండి. పంచాయతీలు ఏర్పాటు చెయ్యాలని ఉంది, అధికారాలు ఇవ్వాలని ఉంది. ఆ పంచాయతీలో మాలకూ మాదిగకూ చోటుంటుందా లేదా అన్న మాట లేదు. అంబేద్కర్ అడిగింది పంచాయతీలు ఎక్కడున్నాయని కాదు, పంచాయతీ ఎవరిదని. ఊరికి స్వయంపాలన ఇస్తే ఊరవతల వాడను పాలించేదెవరు? చిత్తూరు జిల్లా గ్రామాల జాబితా తీస్తే ఊరి పేరు పక్కనే ‘హరిజనవాడ’, ‘ఆది ఆంధ్రవాడ’ అని వేరుగా కనబడతాయి. ఆ ప్రశ్నకు రాజ్యాంగంలో జవాబు రావటానికి 73వ సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన ఆ సవరణతో, తర్వాత 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టంతో సర్పంచి పదవుల్లోనూ వార్డుల్లోనూ దళితుల వాటా ఖాయమయింది. 1948 నుంచి లెక్కేస్తే నలభై నాలుగేళ్ళు దాటింది.

ఇంకో ఘట్టం ఉంది. పార్లమెంటు చరిత్రలో దాన్ని సభా మర్యాదల విషయంగా రాస్తారు. మనం అలా చదవలేం. 1951 సెప్టెంబరులో అంబేద్కర్ న్యాయశాఖ మంత్రి పదవికి రాజీనామా చేశాడు. హిందూ కోడ్ బిల్లును నడిమధ్యలో వదిలెయ్యటం, షెడ్యూల్డ్ కులాలను ప్రభుత్వం పట్టించుకోకపోవటం ఆయన చెప్పిన కారణాల్లో ముఖ్యమైనవి. అక్టోబరు 10న సభలో ప్రకటన చెయ్యటానికి లేచాడు. అప్పుడు కుర్చీలో ఉన్నది డిప్యూటీ స్పీకరు అనంతశయనం అయ్యంగార్. ప్రకటన సాయంత్రం 6 గంటలకు చెయ్యాలన్నాడు, దాని ప్రతి ముందుగా తనకివ్వాలన్నాడు. ఇది సెన్సారు చెయ్యటమేనని అంబేద్కర్ సభ నుంచి బయటికి నడిచాడు. ఆ ప్రకటన పత్రికల ద్వారానే దేశానికి తెలిసింది.

కుర్చీకి నియమాలుంటాయి. అయ్యంగార్ నియమమే పాటించానని అనుకుని ఉండొచ్చు. కానీ రాజ్యాంగం రాసిన మనిషి, తన ప్రజల గోడు చెప్పబోతుంటే, ముందు కాగితం చూపించమనే అధికారం ఎవరి చేతిలో ఉందన్నది చరిత్ర అడగాల్సిన ప్రశ్న. దేవాలయ ప్రవేశాన్ని సమర్థించిన మనిషే ఇక్కడ గడప దగ్గర నిలబడ్డాడు. ఇది ఒక వ్యక్తి దుర్మార్గం గురించిన మాట కాదు. సేవా రాజకీయానికీ హక్కుల రాజకీయానికీ మధ్య ఉన్న తేడా గురించిన మాట.

ఇక ఎన్నికల లెక్క. 1952లో అయ్యంగార్ తిరుపతి నుంచి లోక్‌సభకు గెలిచాడు. 1956లో మావలంకర్ చనిపోయాక స్పీకరయ్యాడు. 1957లో చిత్తూరు నుంచి గెలిచాడు. అప్పుడు చిత్తూరు ద్విసభ్య నియోజకవర్గం. రెండో స్థానం షెడ్యూల్డ్ కులాలది. ఆ స్థానంలో 1952లోనూ 1957లోనూ గెలిచింది ఎం.వి. గంగాధర శివ. అంటే స్పీకరు అయ్యంగార్, గంగాధర శివ ఒకే నియోజకవర్గానికి, ఒకే ఓటర్లకు ప్రతినిధులు. ఒకరి పేరు జిల్లా అంతా తెలుసు. రెండోవారి పేరు మన విద్యార్థుల్లో ఎంతమందికి తెలుసు?

ద్విసభ్య పద్ధతిలో ప్రతి ఓటరుకూ రెండు ఓట్లుండేవి. రిజర్వుడు స్థానంలో గెలవాలంటే మొత్తం ఊరి ఓటు కావాలి, వాడ ఓటు ఒక్కటే చాలదు. ప్రత్యేక నియోజకవర్గాలను పూనా ఒప్పందంలో వదులుకున్న ఫలితం ఇది. 1961లో చట్టం చేసి ద్విసభ్య స్థానాలు తీసేశారు. 1962లో తిరుపతి రిజర్వుడు స్థానమై సి. దాస్ గెలిచాడు. అయ్యంగార్ చిత్తూరులో గెలిచి, బీహారు గవర్నరుగా వెళ్ళిపోయాడు. 1967 దాకా అక్కడున్నాడు. 1978 మార్చి 19న కన్నుమూశాడు. ఆయన ఖాళీ చేసిన చిత్తూరు నుంచి ఉప ఎన్నికలో గెలిచిన ఎన్.జి. రంగా కూడా ఒకప్పుడు మద్రాసు పచ్చయప్ప కళాశాలలో పాఠాలు చెప్పినవాడే. చదువు చెప్పినవాళ్ళకు రాజకీయాల్లో చోటు అగ్రకులాలకు ఎంత సహజంగా దొరికిందో చూడండి.

2009 నుంచి చిత్తూరు కూడా రిజర్వుడు స్థానం. ఈ రెండు స్థానాల్లో గెలిచినవాళ్ళలో డాక్టర్లున్నారు, రిటైరైన పెద్ద అధికారులున్నారు. వాడ బడిలో పలక పట్టించే అయ్యవారు ఎక్కడ? ప్రభుత్వ ఉపాధ్యాయుడు రాజకీయాల్లో పాల్గొనకూడదని ప్రవర్తనా నియమాలు చెబుతాయి. ఉద్యోగం వదిలితేనే పోటీ. ఇంటి మొత్తానికి ఆ జీతమే ఆధారమైన మొదటి తరం చదువరి దాన్ని వదులుకోగలడా? 1915లో బడి వదిలిన యువకుడికి కోర్టు ఎదురుచూస్తూ ఉండింది. మనవాడికి ఎదురుచూసేది అప్పులవాడు.

శాసనమండలిలో ఉపాధ్యాయ స్థానాలున్నాయి కదా అనొచ్చు. మండలిలో షెడ్యూల్డ్ కులాలకు రిజర్వేషన్ లేదు. పైగా ఆ స్థానాల్లో ఓటు హైస్కూలు, ఆ పైస్థాయి అయ్యవార్లకే. ప్రాథమిక బడిలో పనిచేసేవాళ్ళకు ఓటే లేదు. అక్షరం నేర్పేవాడిని ఉపాధ్యాయుడిగా లెక్కలోకే తీసుకోని ఉపాధ్యాయ నియోజకవర్గం ఇది. ఉపాధ్యాయ సంఘాల్లో పనిచేసే మన మిత్రులు దీన్ని పీఆర్సీ, బదిలీలంత గట్టిగా అడగాలి.

2022 ఏప్రిల్‌లో తిరుపతి విడి జిల్లా అయింది. కొత్త జిల్లాకు కొత్త చరిత్ర పుస్తకాలు వస్తాయి. వాటిలో అయ్యంగార్ ఉంటాడు, ఉండాలి కూడా. ఆయన పక్కన గంగాధర శివ, సి. దాస్ కూడా ఉండాలి. లేబర్ శాఖ బడుల్లో, మిషన్ బడుల్లో చదువు చెప్పినవాళ్ళూ, 1995 తర్వాత మొదటిసారి సర్పంచి కుర్చీలో కూర్చున్న వాడ మనుషులూ ఉండాలి. వాళ్ళలో చాలామంది ఇప్పటికీ మన ఊళ్ళలోనే ఉన్నారు. బడి రిజిస్టర్లు, పంచాయతీ మినిట్స్ పుస్తకాలు చెదలు పట్టకముందే చూడాలి, ఆ మనుషులు ఉండగానే అడిగి రాసుకోవాలి. ఎస్వీ యూనివర్సిటీలో చదివే మన పిల్లలు సెలవులకు ఇంటికి పోయినప్పుడు మొదలుపెట్టదగిన పని ఇది.