యంత్రంతో ఆడి మురిసిన టిన్స్‌లీ

అమెరికాలో గణితాచార్యుడు మేరియన్ టిన్స్‌లీకి చెకర్స్ ఆటలో నలభై ఏళ్ళపాటు సాటి లేదు. ఆయన ఓడిన ఆటలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఎదురు కూర్చున్నవాళ్ళు డ్రా అయితే చాలుననుకుని జంకుతూ ఆడేవారు. ఓటమికన్నా ఆ విసుగే ఆయన్ని ఎక్కువ బాధించిందని నాకనిపిస్తుంది.

కెనడాలో ఆల్బర్టా విశ్వవిద్యాలయంవారి చినూక్ ప్రోగ్రాముకు జంకు తెలియదు. 1990లో అది ప్రపంచ టైటిల్ పోటీకి అర్హత సంపాదిస్తే ఆట సంఘాలు ఒప్పుకోలేదు. టిన్స్‌లీ తన టైటిల్‌నే వదులుకుని దానితో ఆడడానికి సిద్ధపడ్డారు! మళ్ళీ కుర్రవాడైనంత సంబరం ఆయనకు. 1992లో లండన్‌లో నాలుగు గెలిచి, రెండు ఓడారు. మిగిలిన 33 డ్రా. 1994లో బోస్టన్‌లో ఆరు డ్రాల తరువాత అనారోగ్యంతో తప్పుకున్నారు, మరుసటి ఏడు కన్నుమూశారు.

ఇద్దరూ తప్పు లేకుండా ఆడితే చెకర్స్ డ్రాగానే ముగుస్తుందని చినూక్ బృందం 2007లో నిరూపించింది.