రెండు మెట్లు దింపితే...

"నా గొంతు పోయిందిరా" అని మా అమ్మ యాభై దాటాక హార్మోనియం మూసేసింది. వయసు కదా అనుకుని మేమూ వదిలేశాం. అసలు సంగతేంటో ఓ పాత రికార్డు కథ చదివాక గానీ నాకు తట్టలేదు.

కిర్‌స్టెన్ ఫ్లాగ్‌స్టాడ్ అని నార్వే గాయని. వాగ్నర్ ఆపెరాల్లో అప్పట్లో ఆవిడ తర్వాతే ఎవరైనా. 1952లో లండన్‌లో 'ట్రిస్టన్ ఉండ్ ఇజోల్డె' రికార్డు చేసేనాటికి ఆవిడకి 56 ఏళ్ళు. అంత పెద్ద ఆపెరాలో రెండే రెండు పై స్వరాలు మాత్రం ఎలిజబెత్ ష్వార్ట్స్‌కోఫ్ అనే ఇంకో గాయని పాడింది. మన భాషలో ప్యాచ్ వేశారన్నమాట. సంగతి బయటికి పొక్కింది. ఫ్లాగ్‌స్టాడ్ బాగా నొచ్చుకుంది.

ఆవిడ విషయంలో మెనోపాజే కారణమని నేననను. కానీ ఆ వయసులో గొంతుకి జరిగేది ఇదీ: ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ పడిపోతుంది. ఆడవాళ్ళ ఒంట్లో కొద్దిగా ఉండే పురుష హార్మోన్లది పైచేయి అవుతుంది. స్వరతంత్రులు కాస్త మందమవుతాయి, వాటి మీది తడి తగ్గుతుంది. వీణలో మంద్రం తీగ లావుగా ఉంటుంది చూడండి, అలాగే. పై స్థాయి అందదు, గొంతు కిందికి దిగుతుంది. అందరికీ ఒకేలా ఉండదు, కొందరికి తేడాయే తెలీదు.

చిక్కంతా ఆపెరాలో ఉంది. అక్కడ స్థాయిని స్వరకర్త ఎప్పుడో హార్డ్‌కోడ్ చేసి పోయాడు. గొంతు మారిందని ఆర్కెస్ట్రా మొత్తాన్ని దింపరు. పాత్రే మార్చుకోవాలి. 1958లో 63 ఏళ్ళ ఫ్లాగ్‌స్టాడ్ అదే చేసింది. డెక్కా వాళ్ళ 'దాస్ రైన్‌గోల్డ్' రికార్డులో కింది స్థాయిలో నడిచే ఫ్రిక్కా పాత్ర పాడింది. ఈసారి ఏ ప్యాచీ అక్కర్లేదు.

మన సంగీతంలో ఆ బాధ లేదు. షడ్జమం ఓ పారామీటర్, పాడేవాళ్ళు ఎక్కడ పెట్టుకుంటే అక్కడ. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి తిరుమల దేవస్థానం కోసం అన్నమయ్య కీర్తనలు రికార్డు చేసింది 1979-80లో. ఆవిడ పుట్టింది 1916లో. లెక్క మీరే వేసుకోండి.

ఇది తెలిశాక అమ్మతో అన్నాను, శ్రుతి రెండు మెట్లు దింపి చూడమని. మొదట "మగగొంతులా ఉందిరా" అని నవ్వింది. తర్వాత మంగళహారతి ఆపకుండా పాడింది. ఇంతకీ, ఆ హార్మోనియం మూతపడి పదిహేనేళ్ళు. "ఏమైందమ్మా" అని ఇంట్లో ఒక్కరమూ అడగలేదు.