అన్నమంటే వరి ఒక్కటేనా?



స్వామికి నివేదించిన ప్రసాదమును కన్నులకద్దుకొని స్వీకరించే మనకు "అన్నము" అనే మాట కొత్తది కాదు. అయితే తెలుగులో ఆ మాటకు మనము చెప్పుకొనే అర్థము వేరు, వేదము చెప్పిన అర్థము వేరు. తెలుగులో అన్నమంటే ఉడికిన వరిబియ్యము. సంస్కృతములో "అద్" ధాతువు నుండి పుట్టిన ఈ శబ్దానికి తినబడేదని అర్థము. అప్పుడు జొన్న కూడా అన్నమే, పెసలు కూడా అన్నమే, ఆకుకూర కూడా అన్నమే. తైత్తిరీయోపనిషత్తు ఈ శబ్దానికి రెండు వ్యుత్పత్తులు చూపినది. ప్రాణులచేత తినబడేది ఒకటి, ప్రాణులను తినేది రెండవది. తగిన రీతిగా భుజించని వానిని అన్నమే భుజిస్తుందని దీని భావము. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల ఆహార చరిత్రను పరిశీలిస్తే ఈ రెండు అర్థములూ కన్నులకు కట్టినట్లు తెలుస్తాయి.

ఇది పూర్వము మెట్ట సీమ. సూర్యాపేట సమీపాన పిల్లలమర్రిలో 1208లో వెలసిన ఎరకేశ్వరాలయము, కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్ల కాలము నాటిది. గుడి కట్టించుట, చెరువు త్రవ్వించుట ఆ కాలపు ప్రభువులకు జంట ధర్మములు. చెరువు క్రింద వరి పండేది. మిగిలిన చెలకలలో జొన్న, సజ్జ, కంది, పెసర పండేవి. సామాన్య గృహస్థుకు వరి అన్నము పండుగ నాటి భోజనము. నిత్యము జొన్న రొట్టె, గటక, అంబలి, పప్పు, ఆకుకూర, చల్ల. మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లి క్షేత్రము మిర్యాలగూడకు దగ్గరే అయినా, ఆ కృష్ణా జలము చేలకు ఎక్కలేదు. వాన కురియని ఏడు ఆకలి తప్పేది కాదు.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగరానికి పండిత నెహ్రూ శంకుస్థాపన చేసినారు. 1967 ఆగస్టు 4న శ్రీమతి ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలినారు. లాల్‌బహదూర్ కాలువ అనే పేరుగల ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతముల మీదుగా సాగినది. చెలకలు మాగాణులైనవి. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు దేశములో పేరుగాంచినది. పండుగ నాటి అన్నము నిత్యభోజనమైనది. ఇది భగవదనుగ్రహమనే చెప్పవలెను. అన్నమును నిందింపరాదనుట శ్రుతి శాసనము.

అయితే వరి పెరిగిన కొద్దీ కంచములో మిగిలినవి తరిగినవి. దానికి తోడు, రోట దంచిన బియ్యమునకు అంటియుండే తవుడు, మరలో పలుమార్లు పాలిషు పట్టగానే పోయినది. తవుడులో పీచు, నూనె, థయామిన్ అనే విటమిను ఉంటాయి. డచ్చివారి పాలనలోని జావాలో 1890లలో ఐక్మన్ అనే వైద్యుడు, తెల్లని పాలిషు బియ్యము మాత్రమే తిన్న కోళ్లు కాళ్లు పడిపోయి కూలుటనూ, పై పొర పోని బియ్యము పెట్టగా తేరుకొనుటనూ గమనించినాడు. మనుష్యులలో ఆ వ్యాధి పేరు బెరిబెరి. ఈ పరిశోధనకు 1929లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది. నేడు హైదరాబాదులో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ కూడా 1918లో కూనూరులో బెరిబెరి విచారణ కొరకే పుట్టి, 1958లో ఇక్కడికి తరలివచ్చినది.

గీత పదునైదవ అధ్యాయములో భగవానుడు తానే వైశ్వానరాగ్నియై ప్రాణుల దేహములలో అన్నమును పచనము చేయుచున్నానని తెలిపినాడు. ఆ పచనక్రమమును నేటి శారీరశాస్త్రము ఇట్లు వివరిస్తుంది. నోటిలో లాలాజలముతోనే పిండిపదార్థము కరగుట మొదలవుతుంది. జీర్ణాశయములో ఆమ్లము, మాంసకృత్తులను విడదీసే రసము పనిచేస్తాయి. సుమారు 20 అడుగుల చిన్న ప్రేగులో పైత్యరసము, క్లోమరసము కలిసి పచనమును పూర్తిచేయగా, సారము రక్తములో చేరుతుంది. జీర్ణము కాని పీచు పెద్ద ప్రేగులోని సూక్ష్మజీవులకు ఆహారమై మలశుద్ధికి తోడ్పడుతుంది. పీచులేని తెల్లని అన్నము త్వరగా చక్కెరగా మారి రక్తములో చేరుతుంది. ఎండలో కష్టించే దేహము దానిని ఖర్చు చేస్తుంది. కూర్చుండి పనిచేసే దేహములో అదే నిలువయై, మధుమేహానికి దారితీసే కారణములలో ఒకటవుతుంది. అగ్నిహోత్రములో సమిధ, ఆజ్యము, చరువు దేని పాలు దానికి ఉన్నట్లే జఠరాగ్నికి కూడా ఉండవలెను.

అట్లని జొన్న ఒక్కటే అమృతమని భ్రమింపరాదు. జొన్న తప్ప వేరు లేని దక్కను పేదలలో పెల్లాగ్రా అనే వ్యాధిని ఈ సంస్థకు చెందిన డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకాంతయ్యలు పరిశీలించి, జొన్నలో అధికముగా ఉండే ల్యూసిన్ అందుకు కారణము కావచ్చునని 1960లో ప్రకటించినారు. ఆ వ్యాధిలో చర్మము పగులుతుంది, విరేచనములు పట్టుకొంటాయి, చివరకు మతి చెడుతుంది. అన్నలోపము మనస్సును తాకుట మన ఋషులు ఎరిగినదే. ఛాందోగ్యములో ఉద్దాలకుడు కుమారుడైన శ్వేతకేతువును పదునైదు దినములు నీటితోనే ఉండుమన్నాడు. ఆపై వేదమును అప్పగించుమనగా ఒక్క ఋక్కు కూడా స్ఫురించలేదు. భుజించిన పిదప సర్వమూ స్ఫురించినది. అన్నములోని సూక్ష్మాంశమే మనస్సగునని తండ్రి అట్లు నిరూపించినాడు.

కనుక దోషము వరిదీ కాదు, జొన్నదీ కాదు. ఒక్క ధాన్యమునే నమ్ముకొనుట దోషము. 2025 ఉగాది నాడు, మార్చి 30న, రేషను సన్నబియ్యపు పంపిణీ మన హుజూర్‌నగర్‌లోనే మొదలైనది. పేదవాని కంచములోకి మంచి బియ్యము రావలసినదే. కాని సన్నదనము వేరు, తవుడంతా పోయిన తెలుపు వేరు. ధాన్యముల నుండి వచ్చే శక్తి మొత్తములో 45 శాతము మించరాదని పోషకాహార సంస్థ 2024లో సూచించినది. అంటే మిగిలిన సగమునకు పైగా పప్పు, కూరలు, పాలు, పండ్లు, గింజల నుండి రావలెను.

కావున గృహస్థులు తక్కువ పాలిషు పట్టిన బియ్యమును కోరి తెచ్చుకొనవలెను. వారములో కొన్ని పూటలు జొన్న, సజ్జ వండుకొనవలెను. అన్నదానము చేయించే దాతలు విస్తరిలో అన్నపురాశితో తృప్తి పడక, పప్పు, ఆకుకూర, చల్ల కూడా నిండుగా వడ్డింపజేయవలెను. వ్యాధిగ్రస్తులు వైద్యుని మాట వినవలెను. భోజనానికి ముందు చేసే పరిషేచనము లోపలి అగ్నికి హవిస్సు నర్పించుచున్నామని గుర్తుచేసే సంస్కారము. హవిస్సును ఎంచి ఎంచి సమకూర్చే మనము, ఆ అగ్నికి అర్పించే కబళమును కూడా ఎంచి సమకూర్చుకొందము గాక!

స్వస్తి.